టీవీలో పలచగా వినిపించిన గొంతే నిజంగా పాడిన గొంతు

ప్రశ్న: పోయిన ఆదివారం ఇంట్లో అందరం కూర్చుని టీవీలో జాతీయ స్థాయి సంగీత అవార్డుల కార్యక్రమం చూశాం. ఉత్తమ గాయని అవార్డు తీసుకున్న అమ్మాయి, అవార్డు తెచ్చిన పాటే స్టేజి మీద పాడితే గొంతు పలచగా ఉంది, పై స్థాయిలో శ్రుతి జారినట్టు వినిపించింది. సంగీతం టీచరుగా చేసి రిటైరైన మా అమ్మ "ఈ పిల్లకి అవార్డు ఎలా ఇచ్చారు?" అనేసింది. ఆ తర్వాత వచ్చిన అబ్బాయి మాత్రం డ్యాన్సర్లతో కలిసి గెంతుతూ కూడా అచ్చం రికార్డులో ఉన్నట్టే పాడాడు. అతను నిజంగా పాడాడా? వెనక ఆర్కెస్ట్రా వాయిస్తోందా, ఊరికే కూర్చోబెట్టారా? ఢిల్లీలో జాతీయ చలనచిత్ర పురస్కారాలు ఇచ్చేటప్పుడు అవార్డు వచ్చిన పాటలు ఇలా పాడించరెందుకు? హైదరాబాద్‌లో ఇలాంటి షో జరిగితే అమ్మని తీసుకెళ్లవచ్చా, టీవీలో చూడటమే మేలా?

సమాధానం:

హైదరాబాద్‌లో స్టేజి షోలకి, టీవీ కార్యక్రమాలకి సౌండ్ చేయడం నా వృత్తి. మీరు చూసిన కార్యక్రమానికి నేను పనిచేయలేదు. కాబట్టి ఆ అబ్బాయి పాడాడో లేదో ఒట్టేసి చెప్పలేను. అయితే ఇలాంటి రాత్రుల్లో గాయకుల మైకుకీ మీ టీవీ స్పీకరుకీ మధ్య ఏం జరుగుతుందో దగ్గరుండి చూస్తుంటాను. అది చెబితే మీరే తేల్చుకోగలరు.

అమ్మగారి చెవిని శంకించను. సంగీతం చెప్పినావిడ శ్రుతి జారిందంటే జారే ఉంటుంది. కానీ అక్కడి నుంచి "అవార్డు ఎలా ఇచ్చారు" దాకా వెళ్లడం నాకు నచ్చలేదు. మీరు రాసింది చదివితే, ఆ రాత్రి నిజంగా పాడింది ఆ అమ్మాయేనని నాకు గట్టిగా అనిపిస్తోంది. గొంతు పలచబడటం, పై స్థాయిలో తడబాటు, లైనుకీ లైనుకీ మధ్య ఊపిరి వినపడటం, ఇవన్నీ మైకు తెరిచి ఉందనడానికి గుర్తులు. గెంతుతున్నా ఊపిరి వినపడని గొంతునే అనుమానించాలి.

ముందు సినిమా పాట ఎలా తయారవుతుందో చూడండి. స్టూడియోలో గాయని ఒక్కతే గాజు గదిలో నిలబడి, చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకుని లైను లైనుగా పాడుతుంది. లైను నచ్చకపోతే మళ్లీ పాడిస్తారు. ఒక్క మాట దగ్గర ఒత్తు సరిగా పలక్కపోతే ఆ ఒక్క మాటే పంచ్ చేస్తారు, అంటే అది మాత్రమే మళ్లీ పాడించి అక్కడ అతికిస్తారు. ఆ తర్వాత ఇంజనీరు కూర్చుని, ఉన్న టేకుల్లోంచి మంచి ముక్కలు ఏరి ఒక గొంతుగా కూరుస్తాడు. 1997లో ఆటోట్యూన్ సాఫ్ట్‌వేర్ వచ్చిన తర్వాత కొద్దికొద్దిగా శ్రుతి సవరించడం కూడా మామూలు పనైపోయింది. పల్లవి నిండుగా వినపడాలని అదే లైను రెండోసారి పాడించి మొదటి గొంతు కింద కలుపుతారు. ఇందులో మోసమేమీ లేదు, రికార్డింగు అంటేనే ఆ పని. చిక్కల్లా ఏమిటంటే, నెలల తరబడి ఆ కూర్చిన గొంతును విన్న చెవులతోనే మనం స్టేజి మీద ఒక్కసారికి పాడిన గొంతును తూస్తాం.

ఇప్పుడు ఆ అమ్మాయికి ఆ రోజు ఎలా గడిచి ఉంటుందో ఆలోచించండి. సౌండ్ చెక్ మధ్యాహ్నం అయిపోతుంది. అప్పుడు హాలు ఖాళీ. సాయంత్రం జనం నిండాక అదే హాలు వేరేలా పలుకుతుంది, ఎందుకంటే మనుషులూ వాళ్ల బట్టలూ శబ్దాన్ని పీల్చేసుకుంటాయి. మధ్యాహ్నం కుదుర్చుకున్న లెక్కలు రాత్రికి సరిపోవు. ఆమె పాట తొమ్మిదికి అని చెబుతారు. ముఖ్య అతిథి ఆలస్యం, స్పాన్సర్ల ప్రసంగాలు, ఒక డ్యాన్స్ సెట్టు తీసి ఇంకోటి వేయడం, అన్నీ కలిసి పదకొండు దాటుతుంది. అప్పటిదాకా ఆమె బరువైన చీరతో, నగలతో ముందు వరసలో కూర్చుని కెమెరా తన వైపు తిరిగినప్పుడల్లా నవ్వుతూ ఉండాలి. ఏసీ చలికి గొంతు పొడారిపోతుంది. నాలుగు స్వరాలు పలికి గొంతు వేడి చేసుకుందామన్నా చోటుండదు. పేరు పిలవగానే మెట్లెక్కాలి, అవార్డు తీసుకోవాలి, రెండు మాటలు మాట్లాడాలి, ఆ వెంటనే పాడాలి. లైట్ల గీతలు అందంగా కనపడాలని స్టేజి మీద పొగ వదిలి ఉంటారు. ఆ పొగ పీల్చుకుంటూనే పై షడ్జం అందుకోవాలి.

అన్నిటికంటే పెద్ద సమస్య చెవిలో ఉంటుంది. గాయకుల చెవుల్లో చిన్న ఇయర్‌ఫోన్లు మీరు గమనించే ఉంటారు. మేం వాటిని ఇన్-ఇయర్స్ అంటాం. స్టేజి పక్కన ఒక మూల మానిటర్ ఇంజనీరు కూర్చుని, ఎవరి చెవికి ఏం వినపడాలో కలిపి పంపుతుంటాడు. గాయని చెవికి ఆమె గొంతు, శ్రుతికి కొంచెం కీబోర్డు, తాళానికి క్లిక్ వెళ్లాలి. క్లిక్ అంటే లయ తప్పకుండా టక్ టక్‌మని కొట్టే శబ్దం, హాల్లో జనానికి అది వినపడదు. సొంత బృందంతో కచేరీలు చేసే గాయకులకి వాళ్ల ఇంజనీరు వాళ్లకుంటాడు, ఏ పాటలో ఏం కావాలో చెప్పకముందే ఇస్తాడు. అవార్డుల రాత్రి అలా కుదరదు. పదిహేను మంది గాయకులుంటే అందరికీ ఒకే ఇంజనీరు, ఒక్కొక్కరికీ మధ్యాహ్నం దొరికింది కొద్ది నిమిషాలే. చెవిలో తన గొంతు తక్కువగా వినపడితే ఎవరైనా తెలియకుండానే బిగ్గరగా పాడతారు, అప్పుడు శ్రుతి పైకి పోతుంది. తన గొంతు మరీ ఎక్కువగా వినపడితే భయపడి లోపలికి లాగేస్తారు, స్వరం కిందికి దిగుతుంది.

కొందరు గాయకులు పాట మధ్యలో ఒక చెవిలోంచి ఇయర్‌ఫోన్ పీకేసి భుజం మీద వదిలేయడం చూసే ఉంటారు. రెండు చెవులూ మూసేస్తే, అద్దాలెత్తిన కారులో కూర్చుని ఊరేగింపు చూస్తున్నట్టుంటుంది. జనం కేరింత వినపడదు, హాలు వినపడదు, పాడే ఉత్సాహం చచ్చిపోతుంది. అందుకే పీకేస్తారు. పీకేయగానే ఇంకో తిప్పలు. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 345 మీటర్లు వెళుతుంది. హాలు వెనక గోడ 35 మీటర్ల దూరంలో ఉంటే, పెద్ద స్పీకర్లలోంచి వెళ్లిన పాట ఆ గోడకి తగిలి తిరిగొచ్చేసరికి సెకనులో అయిదో వంతు గడిచిపోతుంది. అంటే మూసిన చెవిలో పాట ఇప్పుడు వినపడుతుంది, తెరిచిన చెవిలో అదే పాట కాస్త వెనకపడి వినపడుతుంది. వేగంగా నడిచే పాటైతే ఆ తేడా దాదాపు ఒక అక్షరం పలికేంత ఉంటుంది. ఈ రెంటి మధ్య నిలబడి శ్రుతి, లయ నిలబెట్టుకుంటూ పాడటం చిన్న విద్య కాదు. మళ్లీ ఎక్కడైనా ఆ వీడియో దొరికితే శ్రుతి జారిన చోట ఆమె చేయి ఎక్కడుందో చూడండి. చెవి దగ్గరికి వెళ్లిందంటే సమస్య ఆమె గొంతులో లేదు.

ఇక మీ టీవీ సంగతి. స్టేజి మీద ప్రతి మైకు నుంచీ వచ్చే సిగ్నల్‌ను మూడు దారులుగా చీలుస్తాం. ఒకటి హాలు మధ్యలో శబ్దాలన్నీ కలిపే కన్సోల్‌కి, రెండోది మానిటర్ ఇంజనీరుకి, మూడోది టీవీ ప్రసారం కోసం బయట నిలబెట్టిన ఓబీ వ్యానుకి. మీరు ఇంట్లో విన్నది ఆ వ్యానులో కూర్చున్న మనిషి కలిపిన పాట. హాల్లో కూర్చున్నవాళ్లు విన్నది వేరే మనిషి కలిపిన పాట. హాల్లో స్పీకర్లలోంచి వచ్చేది, డ్రమ్స్ నుంచి నేరుగా వచ్చేది, గోడల ప్రతిధ్వని, జనం చప్పట్లు అన్నీ కలిసి గొంతు చుట్టూ ఒక నిండుతనం ఏర్పడుతుంది. టీవీకి వెళ్లే గొంతుకి అదేమీ ఉండదు, మైకులోంచి నేరుగా వచ్చిన పచ్చి గొంతు అది. వ్యానులో ఉన్నవాడు దానికి కృత్రిమంగా ప్రతిధ్వని కలపాలి, జనం వైపు తిప్పి పెట్టిన మైకులు కొద్దిగా తెరవాలి. అది చేయకపోయినా, యాంకర్ మాటలకి పెట్టుకున్న లెవెల్ పాటకీ అలాగే ఉంచేసినా గొంతు బోడిగా, బయటపడ్డట్టు వినిపిస్తుంది. సన్నటి టీవీలకి స్పీకర్లు అడుగునో వెనకనో చిన్నగా ఉంటాయి. మంద్రం వాటిలో సరిగా పలకదు. బేస్ గిటారు, మృదంగం తొప్పి వైపు నాదం తగ్గిపోయి గొంతు ఒక్కటే ముందుకొస్తుంది, దాని లోపాలూ దాంతోపాటే వస్తాయి. మీకు పలచగా వినిపించడానికి సగం కారణం ఇదే.

మీరు చూసింది నిజంగా అప్పటికప్పుడు ప్రసారమైనదా, ముందు రికార్డు చేసి తర్వాత వేసిందా అనేది కూడా ముఖ్యం. మన దగ్గర ప్రైవేటు ఛానళ్ల అవార్డుల షోలు ఎక్కువగా ఒక రోజు జరుగుతాయి, రెండు మూడు వారాల తర్వాత టీవీలో వస్తాయి. ఈ మధ్యలో స్టేజి మీద రికార్డయిన ట్రాకులు స్టూడియోకి వెళతాయి. గాయకుడి తరఫు వాళ్లు కోరితే శ్రుతి సవరిస్తారు, కొన్నిసార్లు ఆ లైను మళ్లీ పాడించి అతికిస్తారు. చప్పట్లు పెంచుతారు. పాటకి పరవశించి తల ఊపుతున్న ముందు వరస పెద్దమనిషి షాట్ వేరే పాట దగ్గర తీసింది కావచ్చు. ఆ షాట్లలో పక్క సీట్లో ఎవరున్నారో గమనిస్తే తెలిసిపోతుంది, అంతకు ముందు షాట్లో అక్కడ వేరే మనిషి ఉంటాడు. ఆ అమ్మాయి పాట సవరణ లేకుండా అలాగే వచ్చిందంటే, సవరించమని ఎవరూ అడగలేదన్నమాట. అందుకు ఆమెను మెచ్చుకుంటాను.

ఇప్పుడు ఆ అబ్బాయి విషయం. లిప్ సింకా, అంటే రికార్డుకి పెదాలు మాత్రమే ఆడిస్తున్నాడా, కాదా అని చూడటానికి నేను ముందు మైకు పట్టుకున్న చేతిని చూస్తాను. మైకు నోటికి బాగా దగ్గరైతే గొంతులో మంద్రం పెరుగుతుంది, దూరమైతే సన్నబడుతుంది. ప, బ, భ లాంటి అక్షరాల దగ్గర గాలి తగిలి చిన్న చప్పుడు వస్తుంది. చేయి పక్కకి పోయినా, మైకు గడ్డం కిందికి దిగినా గొంతు ఏమాత్రం మారకపోతే అది నోట్లోంచి వస్తున్నది కాదు. రెండోది ఊపిరి. చరణం మధ్యలో మూడు గుండ్రాలు తిరిగినవాడికి తర్వాతి మాట ముందు ఊపిరి వినపడి తీరాలి. మూడోది పాట ముగింపు. పాట అవగానే "థాంక్యూ హైదరాబాద్" అంటారు కదా, ఆ మాట పాటలో ఉన్న గొంతులాగే ఉందా, ఉన్నట్టుండి పొడిగా, దగ్గరగా మారిపోయిందా? మారిపోతే మైకు అప్పుడే తెరిచారని అర్థం.

అయితే అన్నీ ఇంత తేటగా ఉండవు. పూర్తిగా పాడటానికీ పూర్తిగా పెదాలాడించడానికీ మధ్యలోనే ఎక్కువ షోలు నడుస్తాయి. ముందే రికార్డు చేసిన సంగీతం ట్రాకు. గొంతు లేని ట్రాకును మైనస్ అంటాం, గొంతుతో సహా ఉన్నదాన్ని ప్లస్ అంటాం. మైనస్ ట్రాకులోనే కోరస్, హమ్మింగ్, రెండో గొంతు ఉంచేసి, దాని మీద గాయకుడు నిజంగా పాడతాడు. కొందరు ప్లస్ ట్రాకునే సన్నగా కింద నడిపించి, దాని మీద పాడతారు, ఊపిరి అందని చోట అది ఆదుకుంటుంది. డ్యాన్స్ చేస్తూ పాడేవాళ్లకి ఇది తప్పదని నేనూ ఒప్పుకుంటాను. నోరు కదపడమే తప్ప మైకే తెరవకుండా అయిదు నిమిషాలు నడిపించి, దానికి "లైవ్ పర్ఫార్మెన్స్" అని స్క్రీన్ మీద వేయడం మాత్రం నాకు మింగుడు పడదు. అమెరికాలో మిల్లీ వనిల్లీ అనే జంటకి 1990లో గ్రామీ అనే పెద్ద సంగీత అవార్డు ఇచ్చారు. ఆల్బంలో ఉన్న గొంతులు అసలు వాళ్లవి కావని బయటపడ్డాక అదే ఏడాది ఆ అవార్డు వెనక్కి తీసేసుకున్నారు. అది రికార్డుకి సంబంధించిన విషయం, స్టేజి లిప్ సింక్ అంత పెద్ద నేరం కాదు. కానీ చూసేవాళ్లకి నిజం తెలియాలన్న పట్టింపు ఒకటుంది చూశారూ, అది మన సంగీత కార్యక్రమాల్లోనూ ఉండాలి. ట్రాక్ మీద చేస్తున్నప్పుడు స్క్రీన్ కింద ఒక్క ముక్క రాస్తే సరిపోతుంది. పక్కనే నిజంగా పాడిన అమ్మాయికి అప్పుడు న్యాయం జరుగుతుంది. ఇప్పుడు జరిగేది తలకిందులు. కష్టపడి పాడిన మనిషి తిట్లు తింటుంది, ట్రాక్ వేసుకున్న మనిషి "రికార్డులో ఉన్నట్టే పాడాడు" అనిపించుకుంటాడు.

ఆర్కెస్ట్రా గురించి అడిగారు, దీని మీద నాకు చాలా బాధ ఉంది. తబలా, డోలక్, ఫ్లూటు, వీణ వాయించేవాళ్ల ముందు మైకు నిజంగా ఉందా చూడండి, ఉంటే దాదాపుగా వాయిస్తున్నట్టే. పది వయొలిన్లు వరసగా కూర్చుని, ఒక్క మైకూ కనపడకపోతే వాళ్లని చాలావరకు నిండుదనం కోసమే కూర్చోబెట్టారు. వయొలిన్ల నాదం కీబోర్డులోంచో ట్రాకులోంచో వస్తుంది. అంతంత మంచి కళాకారుల చేత వాయించినట్టు నటింపజేయడం చూస్తే కన్సోల్ దగ్గర నిలబడటానికే మనసొప్పదు. ఖర్చు, సమయం, మైకుల సంఖ్య, ఇవన్నీ కారణాలుగా చెబుతారు. అందులో నిజముంది. అయినా ఒక్క పాటకైనా పూర్తి బృందంతో వాయిస్తే హాలంతా నిటారుగా కూర్చుంటుంది, అది నేను చాలాసార్లు చూశాను.

మన తెలుగువాళ్లకి లైవ్ ఆర్కెస్ట్రా కొత్తేమీ కాదు. 1996లో ఈటీవీలో 'పాడుతా తీయగా' మొదలైనప్పటి నుంచీ పిల్లలు ఆర్కెస్ట్రాతోనే పాడారు. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు పాట అవగానే గాయకుడితో మాట్లాడి ఊరుకునేవారు కాదు. ఆ పాట కట్టిన సంగీత దర్శకుడెవరు, సాహిత్యంలో సొగసేమిటి, వాద్యాలు ఎక్కడ ఎలా పలికాయి అన్నీ చెప్పేవారు. ఈ రాష్ట్రాల్లో మామూలు ప్రేక్షకులు కూడా ఇవాళ శ్రుతి గురించి, సంగతుల గురించి మాట్లాడగలుగుతున్నారంటే ఆ కార్యక్రమం పుణ్యం చాలా ఉంది. అవార్డుల షోలో మాత్రం కెమెరా ఫ్లూటు మీద నిలిచేది రెండు సెకన్లు, అదీ ఫ్లూటు బిట్టు అయిపోయాక.

దీనికి మూలం అవార్డుల విభాగాల్లోనే ఉంది. గ్రామీల్లో వాద్యాల కూర్పుకి విడిగా అవార్డుంది, ఆల్బం ఇంజనీరింగుకి విడిగా ఉంది. మన సినిమా సంగీత అవార్డుల్లో చాలావరకు సంగీత దర్శకుడు, గేయ రచయిత, గాయకుడు, గాయని, ఇంతటితో ఆగిపోతుంది. పల్లవికీ చరణానికీ మధ్య వచ్చే ఇంటర్‌లూడ్‌లో షెహనాయి ఊదినవాడికి, కంప్యూటర్ మీద రిథమ్ ప్రోగ్రాం చేసినవాడికి పిలుపు రావడం అరుదు. ఒక్కో అవార్డు ఒక్కో పనికే ఇస్తారని తెలియక కూడా చాలామంది నొచ్చుకుంటారు. 2023 మార్చిలో 'నాటు నాటు'కి ఆస్కార్ వచ్చినప్పుడు కీరవాణి, చంద్రబోస్ అందుకున్నారు. అదే వేదిక మీద పాడిన రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవలకి ఎందుకు ఇవ్వలేదని మన ఊళ్లో ఎంతోమంది అడిగారు. ఆ విభాగం పాట కట్టినవాళ్లకీ రాసినవాళ్లకీ మాత్రమే, పాడినవాళ్లకి అందులో చోటు లేదు.

ఢిల్లీ పురస్కారాల సంగతీ ఇలాగే అర్థం చేసుకోవాలి. అక్కడ జరిగేది పురస్కార ప్రదానం. పేరు పిలుస్తారు, ఎందుకు ఎంపిక చేశారో రెండు వాక్యాల్లో చదువుతారు, రాష్ట్రపతి చేతుల మీదుగా రజత కమలం అందుకుంటారు. అది జరిగే విజ్ఞాన్ భవన్ ప్రధానంగా సభల కోసం కట్టిన భవనం, సినిమా విభాగాలన్నీ ఆ ఒక్క సభలోనే పూర్తి కావాలి. నాకైతే ఈ పద్ధతి నచ్చుతుంది. జ్యూరీ సినిమా చూసి, సినిమాలో ఆ పాట ఏం చేసిందో చూసి తేలుస్తుంది. గాయకుడు ఆ సాయంత్రం బాగా పాడగలడా లేదా అన్న ప్రశ్నే రాదు. 2025 సెప్టెంబరు 23న 71వ పురస్కారాల్లో 'బలగం'లోని 'ఊరు పల్లెటూరు' పాటకి కాసర్ల శ్యామ్ ఉత్తమ గేయ రచయితగా, 'బేబీ'లోని పాటకి పీవీఎన్ఎస్ రోహిత్ ఉత్తమ గాయకుడిగా అందుకున్నారు. ఒకే ఏడాది సాహిత్యం, గానం రెండూ తెలుగుకి రావడం ఎంత పెద్ద విషయమో మన ఛానళ్లు ఆ రాత్రి ఇంకా బాగా చెప్పాల్సింది. 'ఊరు పల్లెటూరు' పాట పల్లె మాటలతో ఎలా కట్టారో పది నిమిషాలు కూర్చుని వివరించే మనిషిని ఒక్కరిని స్టూడియోకి పిలిస్తే మీ అమ్మగారిలాంటి వాళ్లు ఆనందించేవారు.

అమ్మగారికి ఇది కూడా చెప్పండి. జాతీయ పురస్కారాల్లో సంగీత దర్శకుడికి పాటలకీ నేపథ్య సంగీతానికీ ఇప్పుడు విడివిడిగా ఇస్తున్నారు. 2009 సినిమాల నుంచి ఈ పద్ధతి స్థిరపడింది. 2021 సినిమాలకి పాటల అవార్డు 'పుష్ప'కి దేవిశ్రీ ప్రసాద్ తీసుకుంటే, నేపథ్య సంగీతానికి 'ఆర్ఆర్ఆర్'తో కీరవాణి తీసుకున్నారు, గాయకుడి అవార్డు 'కొమురం భీముడో' పాడిన కాలభైరవకి వచ్చింది. రీరికార్డింగు, అంటే నేపథ్య సంగీతం కూర్చడం, వేరే విద్య అని ఒప్పుకోవడానికి మనకి ఇన్నేళ్లు పట్టింది. వాద్యకారుల సంగతీ ఏదో ఒకనాటికి ఎవరైనా పట్టించుకుంటారన్న ఆశ నాకు అక్కడే పుడుతుంది.

ఇక చివరి ప్రశ్న. తప్పకుండా తీసుకెళ్లండి. అయితే ఎక్కడ జరుగుతోందో చూసుకోండి. మాదాపూర్ శిల్పకళా వేదిక, రవీంద్రభారతి లాంటివి కార్యక్రమాల కోసమే కట్టిన హాళ్లు, మాట, పాట రెండూ తేటగా వినపడతాయి. ఇండోర్ స్టేడియాలు ఆటల కోసం కట్టినవి, పైకప్పు ఎత్తు, చుట్టూ గట్టి గోడలు, శబ్దం తిరిగి తిరిగి కొడుతుంది. సాహిత్యం వినాలనుకునే పెద్దవాళ్లకి అక్కడ తలనొప్పే మిగులుతుంది. ఆరుబయట గ్రౌండ్లలో జరిగే షోలకి రాత్రి పది దాటాక లౌడ్ స్పీకర్లు నడపకూడదన్న నిబంధన ఉంది, కాబట్టి తొమ్మిదిన్నర నుంచీ హడావుడి మొదలై చివరి పాటలు కుదించేస్తారు. మూసిన హాళ్లకి ఆ ఇబ్బంది లేదు, అందుకే అవి అర్ధరాత్రి దాకా సాగుతాయి. అమ్మగారికి ఓపిక ఉందో లేదో చూసుకోండి, తిరుగు ప్రయాణానికి క్యాబ్ ముందే మాట్లాడి పెట్టుకోండి, ఒక శాలువా తీసుకెళ్లండి.

పాసులు ఉచితంగా వస్తే ముందు వరసలే కావాలని ఆశపడవద్దు. ముందు కూర్చుంటే పెద్ద స్పీకర్లు తల మీంచి దాటిపోతాయి, కింద పెట్టిన సబ్‌వూఫర్లు, అంటే మంద్రం మోగించే స్పీకర్లు మాత్రం గుండెల్లో మోగుతాయి, పైగా కెమెరా క్రేన్ అడ్డం తిరుగుతూ ఉంటుంది. హాలు మధ్యలో లైట్లు మెరుస్తూ పెద్ద కన్సోల్ కనపడుతుంది, దానికి రెండు మూడు వరసలు ముందో పక్కనో కూర్చోండి. సౌండ్ కలిపేవాడు తన చెవికి బాగుండేలా కలుపుతాడు, అతని చుట్టూ ఉన్నవాళ్లకే అది బాగా అందుతుంది. బాల్కనీ కింద మరీ లోపలికి వద్దు, అక్కడ పై స్థాయి మందగిస్తుంది. పాటల మధ్య ఖాళీ దొరికితే ఆర్కెస్ట్రా వైపు చూసి ఎవరి ముందు మైకుందో అమ్మగారికి చూపించండి. పాట అయ్యాక ఆ ఫ్లూటు వాయించిన మనిషి వైపు తిరిగి చప్పట్లు కొడితే, అంత దూరం నుంచైనా వాళ్లకి తెలుస్తుంది.